గోల్కొండ ఖిడ్కీ

గోల్కొండ కోట ఎలా పడిందో చెప్తూ చెప్తూ నీలకంఠం మాస్టారు కుప్పకూలిపోయారు.

బీచ్ రోడ్డు ఎగ్జిబిషన్ హాలు. పట్టపగలు. చుట్టూ జనం. కాస్పర్ అనే విదేశీ ఆర్ట్ డీలర్ "గోల్కొండ తీరం" అని పెట్టిన ప్రదర్శన అది. సుల్తానుల కాలం నాటి ఫిరంగి గుళ్ళు, అద్దకం గుడ్డలు, ఓడ లంగర్లు గాజు పెట్టెల్లో పెట్టాడు. వచ్చినవాళ్ళకి వాటి కథ చెప్పడానికి రిటైరైన హిస్టరీ లెక్చరర్ నీలకంఠం మాస్టారిని కుదుర్చుకున్నాడు. ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోలో ఆయన ఆఖరి మాటలు శుభ్రంగా వినిపిస్తాయి.

"ఒక పక్క ఢిల్లీ మొగలాయిలు. ఇంకో పక్క బీజాపూరు. సముద్రం మీద డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. ఇంతమంది నడుమ గోల్కొండ ఏడెనిమిది తరాలు నిలబడింది. ఔరంగజేబు ఎనిమిది నెలలు ఫిరంగులు పేల్చినా కోట పడలేదు. చివరికి లోపలి సర్దారే ఒకడు లంచం తిని ఖిడ్కీ తీశాడు. ఖిడ్కీ అంటే పెద్ద గుమ్మం పక్కన మనిషి దూరేటంత చిన్న తలుపు. కోట పడలేదు నాయనా, ఒక్క మనిషి పడ్డాడు. దాంతో..."

దాంతో ఆయన చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. దోమని తోలబోయినట్టు ఒకసారి తడుముకుని, గాజు పెట్టెని ఆనుకుని, అలాగే నేలమీదికి జారిపోయారు. జనంలో ఉన్న డాక్టరు ఒకాయన నాడి చూసి గుండెపోటు అన్నాడు. అందరూ అయ్యో పాపం అన్నారు.

ఒక్క మనిషి మాత్రం అనలేదు. ఆమె అప్పుడే గస పెడుతూ లోపలికి వచ్చింది. మాస్టారి తల మెల్లిగా ఒత్తిగిలజేసి, నెరిసిన జుట్టు పైకి తీసి చూసింది. మెడ మీద ఆవగింజంత ఎర్రటి చుక్క. విషపు సూది.

ఆమె పేరు పైడితల్లి. పెదజాలారిపేట చేపలవాళ్ళ ఇంటి ఆడపిల్ల. పేరు లేని ఒక డిపార్ట్‌మెంటులో ఏజెంటు. ట్రైనింగప్పుడు ఢిల్లీవాళ్ళు ఏదైనా కోడ్‌నేమ్ పెట్టుకోమంటే, "మా పేటలో ఈ పేరుతో పిలిస్తే పదిమంది పలుకుతారు సార్, ఇంతకంటే మంచి కోడ్‌నేమ్ ఏముంటుంది?" అంది. వాళ్ళు ఆ పేరే రాసుకున్నారు.

కాలేజీలో ఆమెకి చరిత్ర చెప్పింది ఈ మాస్టారే. గంట ముందు ఆయన ఫోన్ చేశారు. "పైడితల్లీ, ఇక్కడో గోల్కొండ ఉక్కు ముద్ద ఉందమ్మా. ఆ రోజుల్లో కత్తుల కోసం పర్షియాకి ఓడల్లో వెళ్ళేది చూడు, ఆ ఉక్కు. దుమ్ము తుడుద్దామని ఎత్తితే చేతికి తేలిగ్గా వచ్చేసింది. ఉక్కు తేలిగ్గా ఉండడమేమిటి? లోపల బోలుగా ఉంది." ముట్టుకోకండి, వస్తున్నానంది. చీఫ్‌కి ఫోన్‌లో ఆ సంగతి చెప్పి బయల్దేరింది. గురుద్వారా జంక్షన్‌లో ట్రాఫిక్ ఆమెని ఆపేసింది.

ఇప్పుడు గాజు పెట్టె తెరిచి ఆ ముద్ద ఎత్తి చూసింది. బరువుగా ఉంది. అంటే బోలు ముద్ద తీసేసి, అసలైనది పెట్టేశారు. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషిని, ఎవరికీ ఏ అపకారమూ చెయ్యని మనిషిని, ఒక ఇనుప ముక్క కోసం సూదితో పొడిచి చంపేశారు. పైడితల్లికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది.

*

డిపార్ట్‌మెంటు వైజాగ్ ఆఫీసు ఉక్కునగరంలో ఒక క్వార్టర్‌లో ఉంటుంది. గుమ్మం మీద "లెక్కల ట్యూషన్లు చెప్పబడును" అన్న బోర్డు. లోపల చీఫ్ అర్జునరావు కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, మెత్తని గొంతు. పైడితల్లిని ఈ పనిలోకి తెచ్చింది ఆయనే.

"కూర్చో."

"ఫరవాలేదు సార్. చెప్పండి."

"మన సబ్‌మెరైన్ ఒకటి నీళ్ళ కింద గస్తీలో ఉంది. ప్రతి సబ్‌మెరైన్‌కీ ఒక గొంతుంటుంది. ప్రొపెల్లర్ చప్పుడు, పంపుల చప్పుడు, అన్నీ కలిపి. ఆ రికార్డింగ్ దొరికినవాడు సముద్రంలో ఎంత లోతున ఉన్నా దాన్ని పోల్చుకుంటాడు. పోల్చుకున్నాక వేటే."

"రికార్డింగ్ పోయిందా?"

"కాపీ అయింది. చిప్ రూపంలో ఆ ఉక్కు ముద్దలో ఉంది. కాస్పర్ ముఠా పని. ఆన్‌లైన్‌లో పంపితే మనకి దొరికిపోతారు. ఎయిర్‌పోర్టు, పోర్టు గేట్లు మూయించాం. ఇక చేత్తో పట్టుకుని సముద్రం మీద దాటించాలి. సరిహద్దు నీళ్ళ దగ్గర వాళ్ళ ఓడ కాచుకుని ఉంది."

"కాపీ ఇచ్చిందెవరు?"

"మనవాడే ఎవడో. ముఠావాళ్ళు వాడికి ఖిడ్కీ అని పేరు పెట్టుకున్నారు." అర్జునరావు ముందున్న ఫైలు మూశాడు. "నీకు ఇంకో సంగతి చెప్పాలి. నీ తమ్ముడు నాగబాబు ఆ సబ్‌మెరైన్‌లోనే ఉన్నాడు. కావాలంటే నిన్ను ఈ కేసు నుంచి తప్పిస్తాను."

నాగబాబు. తల్లి పోయాక ఆమె చేతులమీద పెరిగినవాడు. నేవీలో సెలెక్టయ్యాడని తెలిసిన రోజున ఇదే అర్జునరావు వాళ్ళింటికి వచ్చి, వంజరం పులుసు రెండోసారి వేయించుకుని తిన్నాడు.

"తప్పించొద్దు సార్," అంది పైడితల్లి.

ఆయన డ్రాయర్ తీసి ఒక ముక్కుపుడక ఇచ్చాడు. రాయి వెనక మైకు, చెవిలో పెట్టుకోవడానికి బయటికి కనపడని స్పీకరు. "నువ్వు మాట్లాడేది నేను వింటాను. ఆపరేషన్ తానీషా. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. పాస్‌వర్డ్ గుర్తుంచుకో. సుల్తానుగారి భోజనం అయిందా? చెయ్యి ఇంకా కడుక్కోలేదు."

కోటలోకి శత్రువు వచ్చేశాడని తెలిసినా గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా కంగారు పడలేదట. పట్టుకోవడానికి వచ్చిన మొగలు సర్దార్లని కూర్చోమని, తన భోజనం పూర్తిచేసి, అప్పుడు లేచాడట. పాస్‌వర్డ్‌కి ఆ కథ పెట్టింది అర్జునరావే. చరిత్ర ఆయనకీ బాగానే వచ్చు.

*

మర్నాడు మధ్యాహ్నం సీతమ్మధారలోని ఒక అపార్ట్‌మెంటులోకి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. చేపల గుడ్ల కాలమని సముద్రంలో వేట ఆపిన రోజులు. పచ్చి చేప దొరకదు కాబట్టి ఎండు నెత్తళ్ళకి గిరాకీ. వాచ్‌మన్ ఆమెకేసి చూడను కూడా లేదు. పైడితల్లి వేషాలన్నిటిలోనూ సులువైన వేషం అది. వాళ్ళమ్మ చీరే కట్టుకుంది.

మూడో అంతస్తులో తలుపు తెరిచింది హిమబిందు. టీవీలో చరిత్ర కార్యక్రమాలు చేసే హిమబిందు. కాస్పర్ ఎగ్జిబిషన్‌కి ముఖం ఆవిడే. ఇంట్లో ఉన్నా పట్టుచీర, మెడలో ముత్యాలు, గది నిండా సెంటు వాసన. కాస్పర్ దగ్గర జీతం తీసుకుంటుంది, వాడి సంగతులు చెప్పి డిపార్ట్‌మెంటు దగ్గరా తీసుకుంటుంది.

"నెత్తళ్ళు బాగున్నాయమ్మా. సుల్తానుగారి భోజనం అయిందా?"

హిమబిందు మెట్లవైపు చూసింది. "చెయ్యి ఇంకా కడుక్కోలేదు. లోపలికి రా."

పైడితల్లి గుమ్మంలోనే చతికిలబడి తట్ట దించింది. "ముద్ద ఎక్కడుంది?"

"కాస్పర్ దగ్గర. రేపు తెల్లవారుతూనే ఫిషింగ్ హార్బర్ నుంచి బోటులో. నన్నూ వెంట రమ్మన్నాడు. వేట నిషేధం ఇవాళ్టితో అయిపోతోంది కదా. వందల బోట్లు ఒకేసారి బయటికి వెళ్తాయి. ఎన్నిటినని సోదా చేస్తారు?"

"ఏ బోటు?"

"నాకు తెలీదు. ప్లాన్ మొత్తం ఖిడ్కీది. వాడి ముఖం నేను చూడలేదు, కాస్పర్‌కే తెలుసు."

పైడితల్లి నెత్తళ్ళు కాగితంలో పొట్లం కడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "మాస్టారిని పొడిచినవాడు హాల్లోకి ఎలా వచ్చాడు?"

హిమబిందు ముత్యాల దండ వేలికి చుట్టుకుంది. "ఫొటోగ్రాఫర్ అన్నారు. స్టాఫ్ పాస్ నేనే ఇచ్చాను. నాకు తెలీదు."

"ఆయన నీకు కూడా పాఠం చెప్పాడా?"

"డిగ్రీలో. నా మొదటి టీవీ స్క్రిప్టు ఆయనే దిద్దారు."

"అయితే ఆ పాస్ మీద నీ సంతకం ఎప్పుడూ గుర్తుంచుకో," అంది పైడితల్లి. పొట్లం హిమబిందు చేతిలో కుక్కి, తట్ట ఎత్తుకుని దిగిపోయింది. ఇంకొక్క నిమిషం అక్కడుంటే ఆ ముత్యాల దండ తెంపేదే.

సాయంత్రం గోపాలపట్నంలో హైవే పక్కన ఆగిన కారులో అర్జునరావుకి జరిగింది చెప్పింది.

"అన్ని బోట్లలో ఒక బోటు," అన్నాడాయన. "ఎలా పట్టుకుంటావ్?"

"ఒక గుర్తుంది సార్. మా బోట్లు రేవు దాటి మలుపు తిరగగానే ఓల్డ్ టౌన్ కొండమీది దర్గా కనిపిస్తుంది. అక్కడ జెండా మూడుసార్లు దించి ఎత్తుతాం. బాబాకి దండం. ఆయన సెలవిస్తేనే సముద్రం తిరిగి పంపిస్తుందని మావాళ్ళ నమ్మకం. మా తాతల తాతల నుంచీ ఉంది. బయటివాళ్ళకి తెలీదు. దించని బోటే వాళ్ళది."

అర్జునరావు కారు అద్దంలోంచి వెళ్తున్న లారీలని చూశాడు. "బ్రిలియంట్. ఇంకెవరికైనా చెప్పావా?"

"మీకే."

"ఎవరికీ చెప్పకు."

పేటకి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. మేనమామ గురువులు రేపటి వేటకి బోటు కడిగి పసుపు రాస్తున్నాడు. అతనితో మాట్లాడి, పైడితల్లి వరసకి అత్తయిన ముసలమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ పెనిమిటి పోయి ఇంకా పెద్దకర్మ కాలేదు. గుమ్మంలో దీపం, గోడకి ఆనించి అతని చుట్ట పెట్టె. పేట అంతా రేపటి సందడిలో ఉంటే ఆ ఒక్క ఇల్లు మాత్రం చీకట్లో ఉంది.

"నాగులు బాగున్నాడేటే?" అనడిగింది ముసలమ్మ. పేటలో నాగబాబు అందరికీ నాగులే. తన దుఃఖంలో కూడా అడిగింది.

"బాగున్నాడత్తా."

అది అబద్ధం కాకుండా చూసుకోవలసిన బాధ్యత తనదే అనుకుంటూ బయటికొచ్చింది.

*

ఈ తీరం ఎంతమందిని చూసిందో చెప్తే మీకు కోపం రావాలి. గోల్కొండ సుల్తానుల ఏలుబడి ఇక్కడ శ్రీకాకుళం దాకా ఉండేది. వాళ్ళ సెలవు తీసుకునే డచ్చివాళ్ళు భీమిలిలో దిగారు, ఇంగ్లీషువాళ్ళు విశాఖలో కొట్టు తెరిచారు. కోటలో ఖిడ్కీ తెరుచుకున్నాక మొగలాయిలు వచ్చారు. తర్వాత నిజాము. నిజాము దగ్గర్నుంచి ఫ్రెంచివాళ్ళు. వాళ్ళని తన్ని ఇంగ్లీషువాళ్ళు. వచ్చినవాడల్లా గుడ్డలు, ఉక్కు, ఉప్పు, మనుషులు, దొరికింది దొరికినట్టు ఓడకెత్తుకుని పోయాడు. అందరికీ లోపలినుంచి తలుపు తీసిన మహానుభావుడు ఒకడు ఉండనే ఉన్నాడు. వాళ్ళందరూ పోయారు. కొండమీద దర్గాకి చేపల బోట్లు జెండా దించే పద్ధతి మాత్రం పోలేదు. దించేవాళ్ళు గంగమ్మకి మొక్కేవాళ్ళే. ఇదేమిటని ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

తెల్లారింది. హార్బర్ అంతా డీజిల్ పొగ, అగరుబత్తి పొగ. ప్రతి బోటు ముందూ కొబ్బరికాయ పగులుతోంది. బంతిపూల దండలు, కొత్త తాళ్ళు, ఐసు పెట్టెలు. గురువులు బోటు ముందుగా బయటపడి మలుపు దగ్గర నెమ్మదించింది. కేబిను పక్కన పైడితల్లి నిలబడింది. నల్లద్దాలు పెట్టుకుంది. ఆ అద్దాల అంచు నొక్కితే దూరంగా ఉన్న మనిషి మీసం కూడా కనిపిస్తుంది.

ఒక బోటు వచ్చింది. జెండా మూడుసార్లు దిగింది, లేచింది. ఇంకోటి. దిగింది, లేచింది. నీలం బోటు, ఎర్ర బోటు, కొత్తగా రంగేసింది, ఇంజన్ దగ్గుతున్నది. అన్నీ కొండవైపు తిరిగి దండం పెట్టి వెళ్ళిపోతున్నాయి.

"ఏం కనపడింది?" చెవిలో అర్జునరావు గొంతు.

"ఇంకా ఏం లేదు సార్."

ఎండ ఎక్కుతోంది. సగం పైగా బోట్లు వెళ్ళిపోయాయి. దించని బోటు ఒక్కటీ లేదు. నీళ్ళ కింద ఎక్కడో నాగబాబు, వాడి పక్కన ఇంకా ఎంతోమంది తల్లుల బిడ్డలు. ముద్ద తన కళ్ళముందే దాటిపోతోంది.

అప్పుడొక పచ్చ కేబిను బోటు మలుపు తిరిగింది. జెండా చక్కగా, తొందర లేకుండా, మూడుసార్లు దిగి లేచింది. అందరికంటే శ్రద్ధగా దించాడు ఆ దించినవాడు.

పైడితల్లి చెయ్యి అద్దాల అంచు మీద ఆగిపోయింది. మైకు మీద వేలు గట్టిగా నొక్కి మూసి, మెల్లిగా పిలిచింది.

"మావా. అది ముసలమ్మత్త బోటు కాదేటి?"

"అదే. అద్దెకిచ్చీసిందంట. కొత్తోల్లెవులో."

"పెద్దకర్మ అవ్వకుండా జెండా దించుతారేటి?"

గురువులు అప్పుడు చూశాడు. చూసి, నోట్లో చుట్ట తీసేశాడు. "మైల్లో ఉన్న బోటు బాబాకి దండమెట్టడమేటే? కూలికెల్లినోడైనా జెండా సుట్టి లోపలెట్టీసి ఎల్తాడు. మనోడెవుడూ ఇలగ సెయ్యడు."

మనవాడెవడూ చెయ్యడు. బయటివాడికి జెండా దించాలనే తెలీదు. మైల బోటు ఎక్కి మరీ దండం పెట్టేవాడు, ఎవరో చెప్పగా విన్నవాడు. అదీ సగమే విన్నవాడు. ఆ సగం ఈ నోటితో తను ఒక్కరికే చెప్పింది. గోపాలపట్నంలో, కారులో. మైల సంగతి చెప్పలేదు. అది చెప్పాలని ఆమెకి తోచలేదు. పేటలో పుట్టినవాళ్ళకి అది చెప్పే సంగతే కాదు.

సబ్‌మెరైన్ గొంతు అమ్మినవాడు, మాస్టారి మెడలో సూది దింపించినవాడు, తన ఇంట్లో పులుసు మెచ్చుకున్న మనిషే. నాగబాబు అందులోనే ఉన్నాడని తనకి చెప్పేటప్పుడు ఆ గొంతు వణకనైనా వణకలేదు. ఆమెకి వచ్చిన కోపానికి కళ్ళు మసకలు కమ్మాయి. పళ్ళు బిగించి, మైకు మీద వేలు తీసింది. గొంతులో సంతోషం తెచ్చుకుంది.

"సార్, దొరికింది. తెల్ల కేబిను బోటు. జెండా దించలేదు. భీమిలి వైపు పోతోంది. వెంటపడుతున్నాను."

"వెల్‌డన్ పైడితల్లీ." ఆ గొంతులో బరువు దిగిపోయింది. "కోస్ట్ గార్డ్‌ని అటే తిప్పుతాను."

తిప్పుకో అనుకుంది. ముక్కుపుడక పీకి, ఐసు పెట్టెలో పడేసి మూత వేసింది. గురువులు ఫోన్ తీసుకుని, ప్రాణం మీదికి వస్తే తప్ప వాడకూడదని ఢిల్లీ ఇచ్చిన నంబరుకి చేసి రెండే ముక్కలు చెప్పింది. తర్వాత మామవైపు తిరిగింది.

"మావా, నాగులు పేనం ఆ బోటులో ఉన్నాది. ఏటి సేద్దాం?"

గురువులు ఎందుకని అడగలేదు. "వైర్‌లెస్‌లో పిలిస్తే ఆల్లకీ ఇనబడద్ది," అని, మెడలో తువ్వాలు తీసి కేబిను పైకెక్కాడు. నెత్తిమీద గుండ్రంగా తిప్పాడు. పెద్ద చేపల గుంపు కనపడిందంటే ఈ తీరంలో అలాగే తిప్పుతారు. చూసినవాడు చూసినట్టు బోటు తిప్పుకుని వస్తాడు. రెండు పక్కల నుంచీ రింగు వల గుండ్రంగా వేస్తారు. అంతకు మించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

నాలుగు వైపుల నుంచీ బోట్లు తిరిగాయి. పచ్చ కేబినువాళ్ళు వాటిని చూసి పట్టించుకోలేదు. చేపలవాళ్ళు చేపలు పట్టుకుంటారనుకున్నారు. గురువులు బోటు చుట్టూ తిరిగి వచ్చింది. అతను చెయ్యి దింపగానే, వాళ్ళ ముందు కొత్త వల నీళ్ళలోకి జారిపోయింది. ఇటు పక్క నుంచి ఇంకో వల. పచ్చ కేబిను బోటు తిన్నగా దాని మీదికి వచ్చింది. ప్రొపెల్లర్ కీచుమంది, ఇంజన్ రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది.

"ఆ సేపల గుంపేదిరా?" అని పక్క బోటువాడు అరిచాడు.

"బోటులో ఉన్నాది," అన్నాడు గురువులు.

తూర్పు నుంచి బూడిద రంగు స్పీడ్‌బోటు దూసుకొస్తోంది. ఓడ నుంచి వచ్చిన మనిషి అందులో నిలబడి చేతులు చాచి ఉన్నాడు. పచ్చ కేబిను పక్కన కాస్పర్, వాడి పక్కన లైఫ్ జాకెట్‌లో హిమబిందు. ఆమె చేతుల్లో ఉక్కు ముద్ద.

పైడితల్లి కొక్కెం కర్ర అందుకుని పచ్చ కేబిను బోటు మీదికి దూకింది. తుపాకీ తీసినవాడి మణికట్టు మీద కర్ర పడింది. తుపాకీ నీళ్ళలో పడింది. రెండోవాడు, ఫొటోగ్రాఫర్ చొక్కా వేసుకున్నవాడు, జేబులోంచి పెన్నులాంటిది తీశాడు. పైడితల్లి దాన్ని చూసింది. చూడగానే ఆవగింజంత ఎర్ర చుక్క గుర్తొచ్చింది. ఆ తర్వాత కర్ర ఎన్నిసార్లు లేచిందో ఆమె లెక్కపెట్టలేదు. వాడు వలల కుప్ప మీద పడి మళ్ళీ లేవలేదు.

"త్రో ఇట్!" అని కాస్పర్ అరిచాడు. "హిమా, నౌ!"

స్పీడ్‌బోటు పక్కకి వచ్చేసింది. ఆ మనిషి చేతులు అందుకునేంత దగ్గరలో ఉన్నాయి. పైడితల్లి బోటు ఇటు చివర ఉంది. పరుగెత్తినా అందదు. హిమబిందు ముద్ద ఎత్తింది. ఒకసారి స్పీడ్‌బోటు వైపు చూసింది, ఒకసారి పైడితల్లి వైపు చూసింది.

"పాస్ మీద సంతకం నాదే," అంది. వెనక్కి తిరిగి, తన బలమంతా ఉపయోగించి, ముద్దని ఇటువైపు, రింగు వల మధ్యలోకి విసిరింది.

చుట్టూ బోట్లలో చేపలవాళ్ళు తాడు లాగారు. నీళ్ళు కారుతున్న వల పైకి లేచింది. అందులో రెండు కవ్వ చేపలు, కాసిని జెల్లీఫిష్‌లు, ఒక గోల్కొండ ఉక్కు ముద్ద ఉన్నాయి. స్పీడ్‌బోటు అక్కడికక్కడే మలుపు తిరిగింది. దాని ఎదురుగా అప్పటికే నేవీ బోట్లు రెండు వస్తున్నాయి.

*

జెట్టీ మీద అర్జునరావు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. భీమిలి వైపు ఏమీ దొరకలేదన్న సంగతి అప్పుడే తెలిసి ఉండాలి. నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

పైడితల్లి బోటు దిగి, తడి ముద్ద తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. "ఎత్తి చూడండి సార్. మాస్టారు చెప్పినట్టే తేలిగ్గా ఉంది."

అర్జునరావు దాన్ని చూశాడు. చుట్టూ చూశాడు. చేపల తట్టల దగ్గర నిలబడ్డవాళ్ళలో నలుగురి కాళ్ళకి నేవీ బూట్లున్నాయి.

"మైల బోటు చేత దండం పెట్టించారు సార్. జెండా సంగతి మీకొక్కరికే చెప్పాను."

ఆయన బుకాయించలేదు. ఆ మెత్తని గొంతుతోనే మొదలుపెట్టాడు. "చరిత్ర చదువుకున్నదానివి నువ్వు. రాజ్యాలు మారుతూ ఉంటాయి పైడితల్లీ. ఇవాళ ఒకడిది పైచెయ్యి, రేపు ఇంకొకడిది. మధ్యలో ఉన్నవాడు అందరితోనూ మంచిగా ఉండి బతకాలి. గోల్కొండ కూడా ఢిల్లీకి కప్పం కట్టే కదా బతికింది?"

అప్పటిదాకా ఆమె సార్ అంటూనే ఉంది. ఇక అనలేదు.

"కప్పం కట్టినోడు రాజు. ఊరు నిలబడాలని కట్టినాడు. నువ్వు తలుపు తీసినోడివి. ఆ రాజు పేరు మా పేటలో ముసిలోల్లకి కూడా తెలుసు. ఆ తలుపు తీసినోడి పేరేటో అడుగు, ఒక్కడూ సెప్పడు. నా ఇంట్లో కూకుని, నా తమ్ముడి పక్కన కూడు తిని, ఆడి గొంతు అమ్మీసినావు. నాను వండిన పులుసు నీకెలగ దిగిందిరా?"

అర్జునరావు తల దించుకున్నాడు. బూట్లవాళ్ళు వచ్చి రెండు రెక్కలూ పట్టుకున్నారు. కాస్పర్‌ని, సూది మనిషిని అప్పటికే వ్యాను ఎక్కించారు. హిమబిందు తనంతట తనే ఎక్కి, మాస్టారి హత్యలో సాక్ష్యం చెప్తానని అడక్కుండానే చెప్పింది. పైడితల్లి ఆమెని క్షమించలేదు. వెళ్ళి ఆ లైఫ్ జాకెట్ ముడి మాత్రం విప్పింది.

కొన్నాళ్ళకి సబ్‌మెరైన్ తిరిగొచ్చింది. ఎక్కడికెళ్ళిందో, ఏం తప్పిందో అందులో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. నాగబాబు ఇంటికొచ్చాడు. ఎండ మొహం చూడక పాలిపోయి ఉన్నాడు. స్నానం చేసి, కంచం ముందు కూర్చుని, ఫిషరీస్ ఆఫీసులో గుమస్తాగిరీ చేస్తోందని తను నమ్ముతున్న అక్కని ఎగాదిగా చూశాడు. ఆమె మోచేతి మీద గాయం అతని కంటపడలేదు. పడింది వేరే.

"నల్లబడ్డావేటే? నీకేటి, హాయి. మాకు అక్కడ గట్టిగా దగ్గడానికి కూడా లేదు. నువ్వు ఆఫీసులో ఫేను కింద కూకుని జీతం తీస్తన్నావు."

పైడితల్లి ఇంకో గరిటె పులుసు వేసింది.

"మా చీఫ్ పోయిన్నాటి నుంచి ఆ ఫేను కూడా బాగా తిరుగుతందిరా," అంది.